కృష్ణయొడ్డున బెండుగాలము

చేపలు పట్టుట పురుషుల పనియనియు, వండుట మాత్రమే మన పనియనియు నేనింతకాలము తలంచుచుంటిని. మార్గశిరమాసమున నొక యాదివారము మా వారితోడను, పదునాలుగేండ్ల పిల్లవానితోడను కృష్ణకు పోయివచ్చిన పిమ్మట ఆ తలంపు కొంత మారినది.

మా సత్తెనపల్లికి కృష్ణ చేరువ కాదు, అమరావతికి పోవలెను. ఇంచుమించు పది క్రోసుల దూరము. చీకటితోనే ఆటోలో బయలుదేరితిమి. త్రోవ కిరుప్రక్కల ప్రత్తిచేలు విచ్చి తెల్లగా నుండెను. ముందు కూర్చున్న తండ్రియు, నా ప్రక్కనున్న కొడుకును ఒక్కమాటయైన నాడుకొనలేదు. లెక్కలలో మార్కులు తగ్గినవని వారు వానిని నలుగురిలో గద్దించి అప్పటికి 18 దినములు. ఊరి పిల్లల కెల్ల చదువు చెప్పువారికి ఇంటి పిల్లవానితో మాటాడుట తెలియకుండుట నే నెరిగిన వింతలలో నొకటి.

ఎగువను 1967లో పూర్తియైన నాగార్జునసాగరము, దాని దిగువ పులిచింతల ఆనకట్టయు నీరు విడిచినచో మట్టము చప్పున పెరుగును గనుక, మెట్టగానున్న యొడ్డుననే కూర్చుంటిమి. వెదురుకఱ్ఱ, దారము, జీలుగుబెండు, చిన్న సీసపుగుండు, గాలము, ఎఱకు వానపాములు: ఇంతే సామగ్రి. నేర్పంతయు బెండును జరుపుటయం దున్నది. బొచ్చె పైనీటను, శీలావతి నడుమను, ఎఱ్ఱమోసు అడుగునను మేయును. కావలసిన చేపనుబట్టి బెండునకును గాలమునకును నడుమ దూర మేర్పఱుపవలెను. పరిగెలు కొఱికినచో బెండు తకతక లాడును. పెద్దచేప మ్రింగినచో మెల్లగా మునుగును. అడుగుచేప ఎఱతోపాటు గుండు నెత్తినచో, నిలిచిన బెండు నీటిపై పండుకొనును.

మొదట చిక్కినది వ్రేలెడు పరిగె. దోసిట బట్టి విడిచితిని. భాగవతమున సత్యవ్రతుని దోసిటిలోని చేప శరణు వేడినది. మా పరిగె యేమియు ననక తోక విదిల్చి పోయినది.

తరువాత జెల్ల పడినది. దాని మూపున నొకటి, ఱెక్కలకు రెండు, వాడియైన ముండ్లుండును. పిల్లవాడు తెలియక గుప్పిట పట్టెను. ముల్లు బొటనవ్రేలిలో దిగెను. వాని ముఖము నల్లబడినది, కన్నులు నిండినవి. ఐనను తండ్రిని పిలువలేదు. వారే యుఱికివచ్చి, ముల్లు లోపల విఱుగలేదని చూచి, కాఫీకై ఫ్లాస్కులో తెచ్చిన వేడినీరు గిన్నెలో పోసి, తమ చేతితో వేడి యోర్వదగునో లేదో చూచి, వాని చేయి అందుంచి పట్టుకొనిరి. జెల్లపోటు బాధ వేడికి తగ్గును. అరగంట యట్లే కూర్చుండిరి.

"ఎనిమిదవ తరగతిలో నేనును లెక్కలలో తప్పితినిరా" అని వారు నీటివంక చూచుచు ననిరి.

"నా కెన్నడును చెప్పలేదేమి?"

పదునేడేండ్ల కాపురమున నాకును చెప్పలేదు! నేను మాత్రము నోరు మెదపక వానపాముల డబ్బా సవరించుచుంటిని.

అంతలో బెండు పండుకొన్నది. "నాన్నా, ఎఱ్ఱమోసు!" అని వాడు ఎడమచేత కఱ్ఱ నెత్తెను. చేప తప్పించుకొన్నది. తప్పు ఎవరిదను వాదము ఇల్లు చేరువఱకును సాగెను. త్రోవలో డాక్టరుచేత ధనుర్వాతపు సూదిమందు వేయించితిమి.

ఇంటికి వచ్చినది ఆ యొక్క జెల్లయే. చింతపండు పులుసు పెట్టితిని. ముండ్లు వారిద్దఱును గోడకడ కూర్చుండి తీసి యిచ్చిరి.