ఎవరని అడక్కముందే అన్నం పెట్టారు!

దావీదు తన 600 మందితో తిరిగొచ్చేసరికి సిక్లగు ఊరంతా బూడిదైంది. భార్యాబిడ్డల్ని అమాలేకీయులు చెరపట్టుకు పోయారు. ఇక ఏడ్చే ఓపిక లేనంతగా వారు ఏడ్చారు (1 సమూ. 30).

2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్ పరిసరాల్లో రేగిన కార్చిచ్చులు దాదాపు 30 మందిని బలిగొన్నాయి. 16 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. ఆల్టడీనాలో ఇళ్లతోపాటు చర్చిలూ బూడిదయ్యాయి. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్చి అమెరికా వెళ్లిన పిల్లలెందరో! అక్కడ మంటలంటే పంజాగుట్టలోని తల్లిదండ్రుల గుండె ఝల్లుమంటుంది. చర్చిలో ప్రార్థన కోరతారు. కోరాల్సిందే.

మరి 2022 మార్చి 23న, మనకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, సికింద్రాబాద్ బోయిగూడ తుక్కు గోదాములో మంటల్లో చిక్కి 11 మంది బిహార్ కూలీలు చనిపోయారు. వారి కుటుంబాల కోసం మనలో ఎందరు మోకరించారు?

తమ బిడ్డల్ని వెదుకుతూ పరుగెడుతున్న దావీదు మనుషులకు పొలంలో మూడు రోజులుగా తిండిలేని పరాయివాడొకడు కనిపించాడు. ఎవరని అడక్కముందే రొట్టె, నీళ్లు, అంజూరాలు పెట్టారు. తీరా చూస్తే, సిక్లగును కాల్చినవారు విడిచిపోయిన ఐగుప్తు దాసుడతను! దారి చూపింది అతనే.

అగ్నిప్రమాదం వార్త వారంలో పాతబడుతుంది. కాలిన ఇంటివారికి బట్టలు, వంటపాత్రలు, అద్దె అడ్వాన్సు, కాలిపోయిన రేషన్ కార్డు కోసం ఆఫీసుల చుట్టూ తిరగడానికి ఓ తోడు, ఇవన్నీ నెలల తరబడి కావాలి. వారు మనవారా అన్న ప్రశ్న తర్వాత. ముందు అన్నం పెడదాం.