ఇంటిలోని విషము – దానిని వెలుపల నుంచు ఉపాయములు

పైరునకు తెగులు సోకినచో మనము వెంటనే గుర్తింతుము. ఆకు ముడుచుకొన్నను, పూత రాలినను మన కన్ను పసిగట్టును. కాని యింటిలోని గాలి చెడినచో మనము గుర్తింపము. అది దినదినమును మెల్లగా పనిచేయునది గనుక, ఇల్లాలి దగ్గును వయస్సునకును, పసిబిడ్డ ఆయాసమును చలిగాలికిని అంటగట్టి యూరకుందుము. కావున ఈ మాసమున పైరు సంగతి విడిచి, యింటిసంగతి కొంత వ్రాయుచున్నాము.

మేము చెప్పదలచినది యొక్కటే. ఇంటిలో చేరిన విషమును వెడలగొట్టుటకంటె, దానిని లోనికి రానీయకుండుట సులభము, వ్యయమును తక్కువ. ఆ విషము మన యిండ్లలోనికి మూడు త్రోవల వచ్చుచున్నది. మొదటిది పొయ్యి. రెండవది పురుగుమందు. మూడవది, మేలుకోరి మనమే వెలిగించు కుంపటియు దోమచుట్టయు.

పొయ్యి పొగ

కట్టెకు గాలి చక్కగా తగిలి పూర్తిగా మండినచో పొగ మిక్కిలి తక్కువగా నుండును. తడికట్టెయై, గాలి చాలకున్నచో నది సగము మండి సగము పొగయగును. ఆ పొగలోని నలుసులలో పెక్కు 2.5 మైక్రానులకంటె చిన్నవి. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులని తలచినచో వీని సూక్ష్మత తెలియగలదు. ముక్కు దుమ్మును ఆపును గాని వీనిని ఆపజాలదు. ఇవి ఊపిరితిత్తుల యడుగుదాక పోవును.

ఘనపు మీటరు గాలిలో నిట్టి నలుసులు దినమునకు సగటున 15 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో నిర్ణయించినది. మన దేశమున 2009లో ఏర్పరచిన ప్రమాణము 60. గాలి యాడని వంటగదిలో కట్టెపొయ్యి మండుచున్నపుడు ఇవి వందలకొలదిగా నుండును; ఒక్కొక్కతరి వేయికిని మించును. వంటపొగవలన 2020వ సంవత్సరమున ప్రపంచమందు 32 లక్షలమంది అకాలమరణము నొందిరనియు, అందు 2 లక్షల 37 వేలకు మించినవారు అయిదేండ్లు నిండని పిల్లలనియు ఆ సంస్థయే లెక్కించినది.

ఇచ్చట నొక మాట నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది. పొయ్యికడ కూర్చుండునది ఇల్లాలు. ఆమె యొడిలో నుండునది పసిబిడ్డ. గ్యాసు బండ తెప్పింతమా, కట్టెతో సరిపెట్టుదమా యని తేల్చువాడు పెక్కిండ్లలో మగవాడు. తేల్చువా డొకడు, పొగ పీల్చువారు వేరొకరు. ఈ సంస్కరణము ఇంతకాలము వెనుకబడుటకు ముఖ్యకారణ మిదియే.

ఆంధ్రప్రదేశమున 1999లో దీపము పథకమును, దేశమంతట 2016లో ఉజ్జ్వల పథకమును ఆరంభమై పేదయిండ్లకు గ్యాసు చేరినది. కాని బండ కాఫీకిని, చుట్టములు వచ్చినపుడును మాత్రమే వాడి, నీళ్లు కాచుటకును పశువుల దాణా యుడికించుటకును ఇంటిలోనే కట్టె మండించినచో ఫలము దక్కదు. ఎక్కువసేపు మండు పొయ్యినే ముందుగా వెలుపలికి మార్చవలెను. కాగుపొయ్యిని, దాణాపొయ్యిని పెరటిలో పందిరిక్రింద పెట్టుడు. దీనికి కాసు ఖర్చు లేదు.

గ్యాసు కొన వీలులేనివారు పొగగొట్టపు పొయ్యి కట్టుకొనవచ్చును. ఇది మనకు క్రొత్త గాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టరు ఎస్.పి. రాజుగారు పొగలేని వంటగదిని గూర్చి 1953లోనే పుస్తకము ప్రకటించిరి. 1983లో ఆరంభమైన జాతీయ కార్యక్రమమున దేశమంతట నిట్టి పొయ్యిలు కట్టించిరి. వానిలో ననేకములు ఏల మూలబడెను? గొట్టము కట్టుట యొకనాటి పని. మసి తీయుట నెలనెలా చేయవలసిన పని. ఆ రెండవపని యెవ్వరికిని ఒప్పగింపబడలేదు. మసి పేరుకొన్న గొట్టము పొగను మరల గదిలోనికే త్రోయును. గొట్టపుకొన కప్పుకంటె ఎత్తుగా నుండవలెను. పాత్ర పొయ్యి నోటికి సరిగా అమరవలెను.

ఏ పొయ్యికైనను ఈ నియమములు పాటింపుడు. పచ్చికట్టె బరువులో సగమువరకు నీరే. ఆ నీటిని ఆవిరిచేయుటకే వేడిమి వ్యయమై పొగ హెచ్చును. కట్టెను చీల్చి, నేలకు తగులకుండ, వాన తడుపని చోట ఎండబెట్టుడు. పత్తికట్టె, మిరపకట్టె తేలికయగుటచే త్వరగా కాలిపోవును. వానిని ఎగద్రోయుచు ఇల్లాలు పొయ్యినంటియే కూర్చుండవలెను. కావున వానిని వెలుపలి పొయ్యికే యుంచుడు. పప్పు ముందుగా నానబెట్టి, మూతపెట్టి వండుడు. పొయ్యికి పైన గవాక్షమును, ఎదుటిగోడకు కిటికీయు నుంచుడు. నిప్పు రాజేయుటకు ప్లాస్టికు సంచులుగాని, టైరు ముక్కలుగాని వేయకుడు; వానినుండి పుట్టు విషములు కట్టెపొగకంటెను క్రూరమైనవి.

పురుగుమందు డబ్బాలు

2013 జూలై 16వ తేదీన బీహారు రాష్ట్రమున సారణ్ జిల్లా గండామన్ గ్రామపు బడిలో మధ్యాహ్నభోజనము చేసిన పిల్లలలో 23 మంది మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసియున్నట్లు పరీక్షలో తేలినది. పూర్వము మందు నిలువయుంచిన పాత్రలో ఆ నూనె పోసియుందురని అధికారులు భావించిరి. ఒక్క పాత్రవలన ఒక యూరి బడి స్మశానమైనది. అట్టి పాత్రలు మన యిండ్లలో నెన్ని కలవో ఒక్కమారు వెదకి చూడుడు.

మందుడబ్బాపై వజ్రాకారపు గురుతు నుండును. అందలి ఎరుపు అత్యంత విషమును, పసుపు అధిక విషమును, నీలము మధ్యమ విషమును, ఆకుపచ్చ స్వల్ప విషమును తెలుపును. ఆకుపచ్చయైనను విషమే. దీనిని మంచముక్రింద, అటకమీద, ధాన్యపు బస్తాల ప్రక్కన పెట్టుట మన వాడుక. చేనిలో ఎండయు, వానయు, నేలలోని సూక్ష్మజీవులును మందును క్రమముగా విరిచివేయును. ఇంటిలో నివి లేవు గనుక, ఒలికిన మందు అచ్చటనే చిరకాలము నిలుచును. ప్రాకు బిడ్డ దానిని చేతులతో నంటి నోట పెట్టుకొనును.

కావున ఒక పిచికారికి వలసినంతయే కొనుడు. మిగిలినచో దాని డబ్బాలోనే యుంచి, నివాసపుగదులకు వెలుపల తాళము వేయుడు. త్రాగు సీసాలలో పోయకుడు. పిచికారి చేసినవాడు స్నానముచేసి బట్టలు మార్చినపిమ్మటనే బిడ్డ నెత్తుకొనవలెను. ఆ బట్టలను వేరుగా నుతుకవలెను. ఖాళీ డబ్బాను మూడుమార్లు కడిగి, ఆ నీటిని పిచికారి తొట్టిలోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడువుడు. చిల్లుపడిన డబ్బాలో నెవ్వరును నూనె పోయరు.

ఎవరికైన మందు సోకి చెమట, చొంగ, వాంతి, చూపు మసక కలిగినచో, బట్టలు తీసివేసి ఒంటిని సబ్బుతో కడుగుడు. మ్రింగినవారిచే బలవంతముగా వాంతి చేయింపకుడు. వెంటనే 108కి కబురంపి, మందుడబ్బాను ఆసుపత్రికి తీసికొనిపొండు; డబ్బాపేరు తెలిసినచో వైద్యుని చికిత్స సులభమగును.

గాదెలోని మాత్రలు

ఒకప్పుడు గాదెలలో బి.హెచ్.సి. పొడి చల్లెడివారు. అది 1997లో నిషేధింపబడినది. దాని స్థానమున అల్యూమినియం ఫాస్ఫైడు మాత్రలు యిండ్ల జొరబడినవి. గాలిలోని తేమ తగిలినంతనే యీ మాత్ర ఫాస్ఫీను అను విషవాయువు నీనును. ప్రక్కగదిలో ధాన్యమున నీ మాత్రలుండగా నిద్రించినవారు తెల్లవారుసరికి ప్రాణములు కోల్పోయిన దుర్ఘటనలు మన దేశమున పలుమార్లు జరిగినవి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. మనుష్యులు నివసించు యింట నీ మాత్ర ఎన్నటికిని ఉండరాదు.

మరి పురుగు పట్టకుండుట యెట్లు? గింజను పంటికింద పటుక్కుమనునట్లు ఎండబెట్టుడు. తేమ తక్కువైనచో పురుగు వృద్ధిపొందదు. కందులకు ఎర్రమన్ను పట్టించుట మన పెద్దలెరిగిన పద్ధతియే. పప్పుగింజలకు కొంచెము వంటనూనె పట్టించినను పురుగు గ్రుడ్లు నశించును. గాలి చొరని సంచిలో గింజ నింపి బిగించినచో, లోని ప్రాణవాయువు తరిగి పురుగు తనంతట చచ్చును.

కుంపటి, దోమచుట్ట

బాలింతగదిలో బొగ్గుల కుంపటి యుంచి తలుపులు మూయుట మన యాచారములలో నొకటి. బొగ్గునిప్పు పొగ కానరాదు. కాని దానినుండి కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి వాసన లేదు. రక్తమునందు ప్రాణవాయువు కూర్చుండవలసిన చోటును అది యిన్నూరు రెట్లకు మించిన పట్టుతో నాక్రమించును. తల్లికి నిద్రవలె తోచును. అది నిద్ర కాదు. వెచ్చదనమునకు కంబళి చాలును. కుంపటి తప్పనిచో తలుపు తెరచియుంచి, నిద్రకు ముందు వెలుపల పెట్టుడు.

దోమచుట్ట సంగతియు నిట్టిదే. ఒక చుట్ట కాలినపుడు వెలువడు సన్నని నలుసులు 75 మొదలు 137 సిగరెట్ల నలుసులకు సమానమని 2003లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. బిడ్డప్రక్కన సిగరెట్టు కాల్చువానిని మందలించు మనము, ఆ బిడ్డ తలాపున చుట్ట వెలిగించుచున్నాము. దోమతెర కట్టుడు. వారమున కొకదినము తొట్లు, కుండలు బోర్లించి యెండబెట్టుడు. దోమపిల్ల రెక్కలు తొడుగకమునుపే నశించును.

సంఘము చేయదగిన పని

పైని చెప్పినవానిలో కొన్ని యొంటరిరైతునకు కష్టము, సంఘమునకు సులభము. మందులను సంఘపు గిడ్డంగిలో వేరుగదియం దుంచి, కావలసిననాడు కావలసినంత మాత్రమే సభ్యునకిచ్చినచో, ఊరిలో నే యింటను మందు నిలువ యుండదు. గాలి చొరని సంచులను మొత్తముగా కొని పంచవచ్చును. పొగగొట్టముల మసి తీయుటకు ఒక మనిషిని కుదుర్చుకొని, యింటికింత యని కూలి యీయవచ్చును. ఈ సంగతులు చర్చకు వచ్చుదినమున ఆడవారిని సభకు పిలువుడు; పొగ పీల్చినవారికే దాని బాధ తెలియును.

ఇది జరుగువరకు ఆగనక్కరలేదు. ఈ బులెటిను చదివి ముగించినవెంటనే లేచి, మంచముక్రిందను అటకమీదను చూడుడు. అచ్చట మందుడబ్బా యున్నచో, ఈ రాత్రి అది యింటిలో నిద్రింపకుండ జూడుడు.