ఆస్పత్రి మురుగులో వైరస్ జాడ
పరీక్షల కన్నా ముందే హెచ్చరిక

హైదరాబాద్: కరోనా సోకినవారిలో అనేకులు పరీక్షలకు వెళ్లరు. లక్షణాలు కనిపించనివారికి ఆ అవసరమే తోచదు. అయితే వారిలో పలువురి మలం ద్వారా వైరస్ జన్యు పదార్థం మురుగునీటిలో చేరుతుంది. దానిని పరీక్షిస్తే ఏ రకం వైరస్ వ్యాపిస్తున్నదో, ఎవరి పేరూ అడగకుండానే తెలుసుకోవచ్చు.

నగరానికి ఈ విధానం కొత్తది కాదు. 2016లో అంబర్‌పేట మురుగునీటి నమూనాలో టీకా నుంచి రూపాంతరం చెందిన టైప్-2 పోలియో వైరస్ బయటపడింది. చిన్నారులెవరికీ వ్యాధి సోకినట్లు తేలకపోయినా అధికారులు ఉపేక్షించలేదు. జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు ప్రత్యేకంగా టీకా వేయించారు.

2020 ఆగస్టులో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగరంలోని మురుగునీటి శుద్ధి కేంద్రాల నమూనాలను పరిశీలించారు. అంతకుముందు 35 రోజుల వ్యవధిలో దాదాపు 6.6 లక్షల మందికి కరోనా సోకి ఉండవచ్చని అంచనా వేశారు.

పరీక్షించేదిలా..

ఒక్కసారి ముంచి తీసిన నీటి కన్నా రోజు పొడవునా కొద్దికొద్దిగా సేకరించిన నమూనా మేలు. దానిని వడపోసి, వైరస్ అవశేషాలను గాఢపరచి, ఆర్టీపీసీఆర్ ద్వారా ఉనికిని నిర్ధారిస్తారు. అనంతరం జన్యుక్రమాన్ని చదువుతారు. ఒకే నమూనాలో పలు వేరియంట్లు కలిసి ఉంటాయి కనుక, ఉత్పరివర్తనాల ఆధారంగా ఏది ఎంత పాళ్లలో ఉన్నదో కంప్యూటర్ సాయంతో లెక్కగడతారు. అమెరికాలోని శాన్‌డియాగోలో ఈ పద్ధతిలో కొన్ని వేరియంట్లను రోగుల నమూనాల కన్నా 14 రోజుల ముందు వరకు గుర్తించినట్లు 2022లో నేచర్ పత్రిక ప్రచురించింది.

ఆస్పత్రులే ఎందుకు?

రోగ తీవ్రత పెరిగినవారు చేరేది ఆస్పత్రుల్లోనే. అందువల్ల అక్కడి మురుగునీరు తీవ్రవ్యాధికి కారణమవుతున్న వేరియంట్లపై ఆధారాలు ఇవ్వగలదు. నిబంధనల ప్రకారం ఆస్పత్రులు ద్రవ వ్యర్థాలను శుద్ధి చేసిన తర్వాతే బయటకు వదలాలి. క్లోరిన్ కలిపితే జన్యు పదార్థం దెబ్బతింటుంది కనుక నమూనాను శుద్ధికి ముందే తీసుకోవాలి.

పరిమితులూ ఉన్నాయి

పెద్దాస్పత్రులకు ఇతర జిల్లాల రోగులూ వస్తారు. కాబట్టి అక్కడ కనిపించిన వేరియంట్‌ను ఆ పరిసర బస్తీలకే అంటగట్టరాదు. వానకు మురుగు పలచబడుతుంది, ఎండకు వైరస్ అవశేషాలు క్షీణిస్తాయి. అందుచేత ఒక్క ఫలితంతో నిర్ధారణకు రాకుండా, వారం వారం ఫలితాలను శుద్ధి కేంద్రాల సమాచారంతో పోల్చిచూడాలి. బాధితుల సంఖ్యను కూడా ఈ పద్ధతి కచ్చితంగా చెప్పలేదు.

మురుగునీరు ఇచ్చేది హెచ్చరిక మాత్రమే. అది అందిన వెంటనే పడకలు, ఆక్సిజన్, టీకాలు సిద్ధం చేసుకున్నప్పుడే ప్రయోజనం. అంబర్‌పేట అనుభవం చాటినది ఇదే.