సాంచెల ఊళ్లో జారిపోయే అక్షరాలు

ఇంటర్వెల్‌కు ముందు సీను. హీరోయిన్ ఏదో గుసగుసలాడింది. హాలంతా గొల్లున నవ్వింది. పక్కసీట్లోని మా సిరిసిల్ల మిత్రుడు మాత్రం నా మోచెయ్యి పొడిచి, "ఏమన్నదే అన్నా?" అన్నాడు. ఫైటింగొస్తే అందరికంటే ముందు ఈల వేసేదీ అతనే! వయసెంతనుకున్నారు? ముప్ఫయ్యారు.

పదహారేళ్లుగా సాంచె నడుపుతున్నాడు. పుస్తకాల్లో మరమగ్గం, సిరిసిల్లలో సాంచె. మర్నాడు ఆ కార్ఖానాకు వెళ్లాను. నాడె ఇటు కొట్టి అటు కొట్టి... గోడలు, నేల, చివరికి నా కాళ్లూ అదురుతున్నాయి! ఇలాంటి షెడ్డుల్లో మోత మామూలుగా 90 డెసిబెల్స్ దాటుతుంది. ఫ్యాక్టరీ నిబంధనల్లో ఎనిమిది గంటలకు 90 హద్దు. మావాడి డ్యూటీ పన్నెండు గంటలు. మోతకు చేతుల్లో అదురు తోడైతే చేటు ఇంకా ఎక్కువని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం, దాన్నిండా ద్రవం. శబ్దం అందులో అల లేపుతుంది. ఆ అల నడకను కనిపెట్టిన బెకెషీకి 1961లో నోబెల్ వచ్చింది. అలకు ఊగే రోమకణాలు ఒక్కో చెవిలో సుమారు 15,000. చస్తే మళ్లీ మొలవవు! మోత దెబ్బ ముందుగా 4,000 హెర్ట్జ్ దగ్గర తగులుతుంది. స, శ, ఫ లాంటి అక్షరాల పదునంతా పైస్థాయి ధ్వనుల్లోనే. అందుకే మావాడికి మాట వినిపిస్తుంది, అర్థం కాదు. గట్టిగా అరిచినా అంతే.

అన్నట్టు, సినారె పుట్టిన హనుమాజీపేట ఇక్కడికి దగ్గరే. 1962లో 'గులేబకావళి కథ'తో సినిమా పాటకొచ్చిన ఆ మహానుభావుడి ఊరి పక్కన, ఆయన అక్షరాలే జారిపోయే చెవులు!

"దూది పెట్టుకుంట గదనే" అన్నాడు. ఉత్త దూది పెద్దగా ఆపదు, నురగ ప్లగ్గు నయం. "అది పెడితే దారం తెగిన సప్పుడు తెల్వది. బట్ట ఖరాబైతే ఆసామి ఊకుంటడా?" జవాబు చెప్పలేకపోయాను.

నేనేం తక్కువ తిన్నానా? ఆ వారమే కోరుట్లలో ఒక బరాత్. డీజే బాక్సుల ముందే గంతులేశాను. జగిత్యాల బస్సెక్కాక కూడా చెవిలో గుయ్‌మని ఒకటే ఈల! వినోద వేదికలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పెట్టిన హద్దు, 15 నిమిషాల సగటు మీద 100 డెసిబెల్స్. బరాత్‌లో కొలిచేదెవరు? నా ఈల మర్నాటికి తగ్గింది. అలా మాటిమాటికీ జరిగితే ఇక తగ్గదట.

మిత్రుణ్ణి చెవి పరీక్షకు రమ్మన్నాను. "తెలిస్తే మాత్రం ఏం జేస్తనే?" అన్నాడు. కాసేపాగి, "బిడ్డ పిలిస్తే ఇనవడ్తలేదే" అన్నాడు మెల్లగా. సెలవు దొరికిన రోజు వస్తాడట... మ్యాట్నీ కూడా చూపించాలట!