పావులూరి మల్లన చెప్పిన మహాసంఖ్య

ఏలూరుకు సమీపాన ఉన్న పెదవేగి ఒకప్పుడు వేంగీ చాళుక్యుల రాజధాని. ఆ వంశీయుడైన రాజరాజ నరేంద్రుని కాలం నన్నయ భారత రచనకు ప్రసిద్ధి. ఆ 11వ శతాబ్దానికే చెందినవాడని పండితులు చెప్పే పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని 'సారసంగ్రహ గణితము' అనే పేర తెనిగించాడు. మల్లనదిగా ప్రసిద్ధమైన ఒక చంపకమాల కేవలం ఒక సంఖ్యను చెప్పడానికే పుట్టింది. ఆ సంఖ్య విశేషాలను విద్యార్థి మిత్రులకు వివరింపదలచాము.

చదరంగపు పలకలో 64 గడులు. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టిస్తూ పోతే మొత్తం ఎంత? 1, 2, 4 కలిపితే 7. తరువాతి గడికి రావలసిన 8కి అది ఒకటి తక్కువ. ఈ నియమం ఎంతదూరమైనా తప్పదు. కనుక 65వ గడి ఉన్నదనుకొని, దాని సంఖ్యలో ఒకటి తగ్గిస్తే చాలు. 2ను వర్గం చేసి, వచ్చినదానిని మరల వర్గం చేస్తూ పోతే 4, 16, 256, 65,536, 4,29,49,67,296 వస్తాయి. ఆరవ పర్యాయం వచ్చేదే 65వ గడి సంఖ్య. అందులో ఒకటి తీసివేయగా మిగిలేది 18446744073709551615.

ఈ 20 అంకెలను మల్లన మాటలుగా మార్చాడు. చంద్రుడు 1, వేదాలు 4, మన్మథుని శరాలు 5, ఆకాశం సున్న. అంకెలు కుడినుండి ఎడమకు నడుస్తాయి గనుక చివరి 5 పద్యంలో మొదట వస్తుంది. నడుమ ఒక మాట జారితే ఛందస్సు చెడుతుంది. వ్రాయసగాని పొరపాటును పద్యమే పట్టి ఇస్తుంది. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ అరబ్బీలో రచించిన 'ఆసారుల్ బాఖియా'లోనూ ఇదే సంఖ్య ఉన్నది. భాషలు వేరైనా లెక్క ఒక్కటే.

దీని అంకెల మొత్తం 87. కనుక 3 భాగిస్తుంది, 9 భాగించదు. ఇది 4,29,49,67,295, 4,29,49,67,297 అనే రెండు సంఖ్యల లబ్ధం. రెండవది ప్రధాన సంఖ్య అని 17వ శతాబ్దంలో ఫెర్మా భావించాడు. అది 641, 67,00,417ల లబ్ధమని 1732లో ఆయిలర్ నిరూపించాడు. ఎంతటివాని ఊహ అయినా లెక్కకు నిలవాలి. మొదటి సంఖ్య 3, 5, 17, 257, 65,537ల లబ్ధం. ఈ ఏడు ప్రధాన సంఖ్యలే మన మహాసంఖ్యకు మూలధనం.

గ్రాముకు 40 బియ్యపు గింజలనుకొంటే ఈ రాశి 46,000 కోట్ల టన్నులు. తాడేపల్లిగూడెం మిల్లులే కాదు, నేటి ప్రపంచమంతా 800 ఏండ్లకు పైగా పండించినా చాలదు. ఘనమీటరుకు 800 కిలోల చొప్పున, 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటి అభయారణ్యమంతటా పరిస్తే 1,800 మీటర్లకు మించిన ఎత్తు లేస్తుంది. నేడు 64 బిట్ల కంప్యూటరు ఒక్క పదంలో ఇముడ్చుకోగల గరిష్ఠ పూర్ణసంఖ్య కూడా ఇదే.

మిత్రులు యంత్రాన్ని ఆశ్రయించక ఒకసారి ఆ ఆరు వర్గాలను కాగితంపై చేసి చూడవలెనని కోరుతున్నాము. మల్లన పడిన శ్రమ ఎంతటిదో అప్పుడు తెలుస్తుంది.