పట్నము ప్రక్కన లష్కరు

హైదరాబాదు, సికింద్రాబాదులను జంటనగరములని పిలుచుట మనకందఱకును పరిపాటి. జంట యనగానే ఒక తల్లి కడుపున ఒక్కనాడు పుట్టిన కవలలు తలపునకు వత్తురు. కాని యీ కవలలలో పెద్దది 1591వ సంవత్సరమునను, చిన్నది 1806వ సంవత్సరమునను పేరు పెట్టించుకొన్నవి. నడుమ 215 ఏండ్ల యెడము! ఒకటి మహమ్మదు కులీ కుతుబ్‌షా ముచ్చటపడి చార్‌మినారును నడిబొడ్డున నిలిపి కట్టించుకొన్న రాజధాని. రెండవది ఆంగ్లేయుల తుపాకుల నీడను, గుడారముల నడుమ కన్ను తెఱచిన దండు. పుట్టుకయందు గాని, పెంపకమునందు గాని పోలిక లేని యీ రెండును ఒకే జంటగా పిలువబడుటయు, ఆ జంటలో చిన్నదాని పేరు నానాటికి మాటున పడుచుండుటయు ఆలోచింపదగిన విషయములు.

తెలంగాణపు పల్లెలయందు పెద్దలు ఈ నగరములను కాగితముపై నున్న పేర్లతో పిలువరు. హైదరాబాదు వారికి పట్నము, సికింద్రాబాదు లష్కరు. లష్కరనగా సేన. “బిడ్డ నెక్కడిచ్చినారమ్మా?” యని యడిగినచో “లష్కర్ల ఇచ్చినం” అను సమాధానము విననివారుండరు. ఆ యొక్క మాటలో ఊరి పుట్టుక యంతయు నిమిడియున్నది.

ఆ పుట్టుక యెట్టిదనిన: 18వ శతాబ్దము ముగియు కాలమున నైజాము కొలువులో ఫ్రెంచివారు తరిఫీదిచ్చిన పెద్ద సైన్యము కలదు. అది ఆంగ్లేయులకు కంటిలోని నలుసయ్యెను. అప్పటి రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ 1798లో జరిపిన సంధి మూలమున ఫ్రెంచి సైన్యము రద్దయి, దాని స్థానమున ఆంగ్లేయుల సేన నైజాము ఖర్చుమీద ఇచ్చట నిలిచినది. హుస్సేనుసాగరమున కుత్తరముగా నున్న మైదానములలో ఆ దండు విడిసినది. దండు వెంట బియ్యము, పప్పు, బట్టలు అమ్మువారును, చాకలి, మంగలి, దర్జీలును, బోయీలును వచ్చిరి. వారి వెంట వారి యాలుబిడ్డలు వచ్చిరి. గుడారములు గుడిసెలై, గుడిసెలు ఇండ్లయి, ఇండ్లు బజారులయ్యెను. 1806లో మూడవ ఆసఫ్‌జాహీ ప్రభువగు సికందర్‌జా పేర దానికి సికింద్రాబాదను నామకరణము జరిగెను. సైన్యము ఆంగ్లేయులది, పేరు నైజాముది. బ్రదుకు మాత్రము నానాదేశముల నుండి వచ్చిన సామాన్యులది.

ఇచ్చట మన స్త్రీలకు ముచ్చట గొలుపు సంగతి యొకటి చెప్పవలసి యున్నది. ఆ కర్క్‌పాట్రిక్ దొర హైదరాబాదు ప్రముఖ కుటుంబమునకు చెందిన ఖైరున్నిసా యను కన్యను వివాహమాడెను. కోఠిలో స్తంభములతో ఠీవిగా నిలిచియున్న రెసిడెన్సీ భవనము అతని కాలమున నారంభమైనదే. ఒకప్పుడు నైజామును శాసించుటకై కట్టిన ఆ మేడలోనికి, 1924లో స్థాపింపబడిన ఉస్మానియా మహిళాకళాశాల 1949లో తరలి వచ్చెను. ఆ కళాశాలయే పెరిగి నేడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయమై యున్నది. దొరల దర్బారు మన ఆడుబిడ్డల చదువుల చావడి యగుట కాలపురుషుని చమత్కారము గదా!

రెండు నగరముల నడుమ నున్న హుస్సేనుసాగరము ఈ రెండింటికంటెను చిన్నదానికి ముత్తవ్వ, పెద్దదానికి అక్క. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున, 1562 ప్రాంతమున, హుస్సేనుషావలీ యను మహనీయుని పర్యవేక్షణలో ఈ చెఱువు తవ్వబడెను. విడదీయునదియు ఈ చెఱువే. కలుపునదియు దీని కట్టయే. ఆ కట్టమీద 1986లో నెలకొల్పిన తెలుగు ప్రముఖుల విగ్రహములలో రుద్రమదేవియు, కవయిత్రి మొల్లయు కలరు. వారు నేడు ఏ నగరమువారని యెవ్వరును అడుగరు.

పూర్వము మాత్రము ఆ కట్ట దాటుట ఒక దేశమునుండి మఱియొక దేశమునకు పోవుటవంటిది. ఈవల నైజాము హాలీసిక్కా. ఆవల ఆంగ్లేయుల కల్దారు రూపాయి. సుమారు 7 హాలీ రూపాయలు 6 కల్దారు రూపాయలకు సమానము. కావున లష్కరు బజారులో 12 కల్దారు రూపాయల వెలగల చీరను కోరిన పట్నపు ఇల్లాలు 14 హాలీ రూపాయలు లెక్కపెట్టవలసి వచ్చెడిది. బడి ముఖము చూడని అవ్వలు సయితము ఈ లెక్కలు వ్రేళ్లమీద కట్టెడివారు. దిగుమతి సరకులపై సుంకము లష్కరులో లేకుండుటచే వర్తకము మిక్కిలి వర్ధిల్లెను. రెజిమెంటల్ బజారు, జనరల్ బజారు అట్లు వెలసినవే. జనరల్ బజారు నేటికిని బట్టలకు పేరొందినది. పెండ్లి తలపెట్టిన యింట పట్టుచీరలకు లష్కరునకును, గాజులకును ముత్యములకును లాడ్‌బజారు, పత్తర్‌గట్టీలకును పోవుట నేటికిని ఆచారమే. ఈ విధముగా మన స్త్రీలు ఏనాడో రెండు నగరములకును సరిసమానముగా పని కల్పించిరి.

చిన్న నగరమునకు తనదగు గర్వకారణములు లేకపోలేదు. పొగబండి 1874లోనే వాడీ నుండి సికింద్రాబాదు చేరినది; హైదరాబాదు నాంపల్లి స్టేషను 1907 నాటిది. ఈ ముప్పదిమూడేండ్ల ముందడుగును లష్కరువారు నేటికిని మఱవలేదు. 1966లో దక్షిణమధ్య రైల్వే యేర్పడినప్పుడు దాని ముఖ్యస్థానము సికింద్రాబాదే యయ్యెను. ఊరి నడుమ గడియారపు స్తంభము 1897లో నిలిచినది. అదే సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, బేగంపేటలో, సైనిక వైద్యుడగు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. చలిజ్వరముతో మూల్గు బిడ్డల ప్రక్కన రాత్రులు మేలుకొన్న తల్లులందఱును ఆ తేదీని జ్ఞాపకముంచుకొనదగును. ఆ పరిశోధనకే 1902లో అతనికి నోబెలు బహుమానము లభించినది.

మహబూబు కళాశాల కథ మఱింత వింతయైనది. 1862లో దానిని స్థాపించినవారు సోమసుందరం మొదలియారు, అనగా తమిళులు. అది వెలసినది ఆంగ్లేయుల దండులో. దానికున్న పేరు హైదరాబాదు ప్రభువగు మహబూబు అలీఖానుది. వివేకానందస్వామి అమెరికాకు పయనమగుటకు పూర్వము, 1893 ఫిబ్రవరి 13న, అచ్చట ఉపన్యసించెను. తమిళుని పూనిక, తెలుగువారి నేల, మహమ్మదీయ ప్రభువు పేరు, బెంగాలీ స్వామి వాక్కు: లష్కరు స్వభావమును తెలుపుటకు ఇంతకంటె నిదర్శనమేల? పట్నమున ఉర్దూ రాజ్యమేలగా, లష్కరు వీధులలో తెలుగు, తమిళము, ఉర్దూ, ఇంగ్లీషు ఒకే కుళాయికడ నీళ్లు పట్టుకొన్నవి.

ఇట్టి ఇరుగుపొరుగు నడుమ ఎత్తిపొడుపులు సహజములు. మా పట్నమున మర్యాద కలదు, మీ దండులో బూట్ల చప్పుడు తప్ప నేమున్నదని పెద్ద నగరము. మా వీధులు తిన్నన, మా బజారు శుభ్రము, మీ గల్లీలలో దారి తప్పినవారు ఇల్లు చేరుట యెన్నడని చిన్న నగరము. వియ్యాలవారి పందిటిలో ఈ వాదములు ఎన్నిమార్లు రగిలి, భోజనములకు పిలుపు రాగానే ఎన్నిమార్లు చల్లారినవో! వీనిలో ద్వేషము లేదు. ఎదుటివారు తనను గుర్తింపవలెనను చిన్నవాని ఆరాటము మాత్రమే కలదు. పెద్దకోడలి పెత్తనమును సహించుచునే, తన వంటకు పేరు వేఱుగా రావలెనని కోరుకొను చిన్నకోడలిని ఏ యింటివారు ఎఱుగరు?

కాని సరసములాడుకొనుట వేఱు, పేరు చెఱిగిపోవుట వేఱు. 1945లో దండు ప్రదేశము కాక తక్కిన ఊరు నైజాము పాలనలోనికి తిరిగి వచ్చి, సికింద్రాబాదునకు మునిసిపాలిటీ యేర్పడెను. 1950లో హైదరాబాదుతోపాటు దానికిని కార్పొరేషను హోదా కలిగెను. పదేండ్లు నిండకముందో నిండగానో, 1960లో చిన్నది పెద్దదానిలో విలీనమయ్యెను. 2007లో చుట్టుప్రక్కల 12 పురపాలక సంఘములను గూడ కలుపుకొని మహానగరపాలక సంస్థ యేర్పడగా, జంట యను మాటకే అర్థము పలుచబడినది. ఈ నడుమ జేమ్స్ వీధి మహాత్మాగాంధీ రోడ్డయ్యెను. కింగ్స్‌వే రాష్ట్రపతి రోడ్డయ్యెను. స్వతంత్రదేశమున దొరల పేర్లు పోవుటను మేము తప్పుపట్టము. సరోజినీదేవి పేర ఒక రోడ్డు వెలయుట మనకెల్ల గర్వకారణమే. అయితే 2025లో పునర్నిర్మాణమునకై రైలుస్టేషను పాత కట్టడమును కూల్చివేసిన నాడు ఎందఱో బాధపడిరి. అత్తవారింటికి పోవుచు తొలిసారి ఆ కమానుల క్రింద కంటనీరు తుడుచుకొన్నవారును, సైన్యమునకు పోవు కుమారుని అచ్చట సాగనంపిన తల్లులును మన యిండ్లలో నున్నారు. క్రొత్త స్టేషను సౌకర్యవంతమే యగుగాక! పాతదాని జ్ఞాపకమును ఎవరు భద్రపఱతురు?

ఒక ప్రశ్న వేయువారు కలరు: “పాలన ఒక్కటి, నీళ్లు ఒక్కటి, దారులు ఒక్కటి, ఇక వేఱు పేరేల?” పాలనకు కలయిక లాభమే. నీటికాలువలును, వాననీటి పారుదలయు ఊరి పొలిమేరలను ఎఱుగవు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది ప్రాణములను బలిగొన్నప్పుడు, ఒక నది తెచ్చు ముప్పునకు ఊళ్లు వేఱువేఱుగా ఆలోచించిన చాలదని తెలిసివచ్చినది. కాని ఉమ్మడికుటుంబమున వంట యొక్కటియైనంతమాత్రమున బిడ్డలందఱకు ఒకే పేరు పెట్టుదుమా? పేరు పోయిన వెనుక కథ పోవును. కథ పోయిన వెనుక ఆ వీధి, ఆ బడి, ఆ గుడి ఎందుకు నిలుపుకొనవలెనో చెప్పువారుండరు. సికింద్రాబాదువారి యారాటమునకు మూలమిదియే.

ఈ ముచ్చటలో పెద్ద నగరమునకును ఒక హెచ్చరిక కలదు. 1998లో హైటెక్ సిటీ వెలసినది మొదలు పడమటిదిక్కున సైబరాబాదను మఱియొక నగరము మింటినంటుచు పెరిగినది. ఉద్యోగములు, ధనము, యువజనులు అటు తరలుచుండగా, చార్‌మినారు చుట్టునున్న పాతబస్తీవారు, “మమ్ము పట్టించుకొనువారెవ్వరు?” అని వాపోవుచున్నారు. ఒకనాడు లష్కరు పలికిన పలుకునే నేడు పట్నము పలుకుచున్నది. పెద్దరికము ఎవ్వరికిని శాశ్వతము కాదు. కావున ప్రక్కనున్న చిన్నదానిని గౌరవించుట పెద్దదానికి దయాధర్మము కాదు, దూరదృష్టి.

ఈ చిక్కునకు విరుగుడు వెదుకుటకు మన మెక్కడికో పోనక్కఱలేదు. మన స్త్రీలు తలమీద మోసికొనివచ్చు బోనము చాలును. 1813లో సురిటి అప్పయ్య యను డోలీ మోయు ఉద్యోగి సికింద్రాబాదు దండుతో ఉజ్జయినికి పోయెను. మహామారి ప్రబలియుండగా, వ్యాధి శాంతించినచో అమ్మవారిని తన ఊరిలో నిలుపుదునని మ్రొక్కుకొనెను. తిరిగి వచ్చి 1815లో కొయ్యవిగ్రహమును ప్రతిష్ఠించెను. 1864లో రాతివిగ్రహము నెలకొల్పబడెను. అదియే లష్కరు ఉజ్జయినీ మహంకాళి. సేనాపతుల పేర్లు పుస్తకములలో నున్నవి. డోలీ మోసిన సామాన్యుని మ్రొక్కు జనుల గుండెలలో నున్నది.

ఆషాఢమాసమున బోనములు మొదట గోలకొండలో, పిమ్మట లష్కరులో, ఆ పిమ్మట పట్నమున లాల్‌దర్వాజలో జరుగును. క్రొత్తకుండకు పసుపు పూసి, వేపరెమ్మలు కట్టి, బెల్లపన్నము వండి, పైన దీపము వెలిగించి స్త్రీలు బయలుదేరుదురు. లష్కరులో మఱునాడు పచ్చికుండపై నిలిచి భవిష్యవాణి వినిపించునదియు స్త్రీయే; ఊరి పెద్దలందఱును చేతులు జోడించి విందురు. 2014లో ఇది రాష్ట్రపండుగయైనను, ఒక్కొక్క యూరి ఆదివారము ఆ యూరికే మిగిలినది. గోలకొండ ముందైనదని లష్కరు చిన్నబుచ్చుకొనదు. లష్కరు ముందైనదని పట్నము అలుగదు. ఒకరి పండుగకు మఱియొకరు చుట్టములై పోయి వత్తురు.

సోదరీమణులారా! ఊరి పేరు నిలుపుట సభలవలనను, శాసనములవలనను మాత్రమే కాదు. బిడ్డకు అన్నము తినిపించుచు, “ఇది లష్కరు, నాయనా; ఇచ్చట మీ ముత్తాత దుకాణము పెట్టినాడు” అని చెప్పు తల్లివలనను నిలుచును. మీరు పట్నమువారైనను, లష్కరువారైనను, ఏ చిన్న యూరివారైనను, మీ యింటి పెద్దవారినడిగి మీ వీధి కథను ఈ యాషాఢమునకు ముందే ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. పెద్దలు ఎల్లకాలముండరు.