వేల్ షార్క్‌ను చుక్కలతో ఎలా గుర్తుపడతారు?

2021 డిసెంబర్‌లో విశాఖపట్నం దగ్గరి తంతడి తీరానికి వేల్ షార్క్ అనే ఓ భారీ చేప కొట్టుకొచ్చింది. అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి దాన్ని మళ్లీ లోతు నీళ్లలోకి పంపారు. దాని ఫొటోలు మాత్రం మాల్దీవుల్లోని వేల్ షార్క్ పరిశోధకులకు వెళ్లాయి. ఎందుకు?

అది ఇంతకుముందే నమోదైన చేపా, కొత్తదా తేల్చడానికి! ఒంటి మీది తెల్లచుక్కల అమరిక ఏ రెండు వేల్ షార్క్‌లకూ ఒకేలా ఉండదు. మొప్పల వెనక భాగాన్ని పక్క నుంచి ఫొటో తీస్తారు. కంప్యూటర్ మూడేసి చుక్కలను కలిపి త్రిభుజాలు గీస్తుంది. వాటి కోణాలు, భుజాల నిష్పత్తులు పాత ఫొటోల్లోని త్రిభుజాలతో సరిపోతే అదే చేప. ఫొటో చిన్నదైనా పెద్దదైనా నిష్పత్తి మారదు కదా!

తమాషా ఏమిటంటే, ఈ కిటుకు సముద్రంలో పుట్టలేదు. ఆకాశం ఫొటోల్లోని నక్షత్రాలను సరిపోల్చడానికి ఎడ్వర్డ్ గ్రోత్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1986లో ప్రచురించిన పద్ధతి ఇది. 2005లో జావెన్ అర్జుమానియన్, జేసన్ హోల్మ్‌బర్గ్, బ్రాడ్ నార్మన్ దాన్ని షార్క్‌లకు పనికొచ్చేలా మలిచారు.

వేల్ షార్క్‌లను చుక్కలతో గుర్తుపట్టినట్టే, నల్లమల అడవిలోని పులులను చారలతో గుర్తుపడతారు. కుడివైపు చారలు ఎడమవైపులా ఉండవు; అందుకే కెమెరాలను దారికి రెండు పక్కలా పెడతారు.

గుజరాత్‌లోని సూరత్‌లో ఉండే తెలుగు పిల్లలకూ వేల్ షార్క్ పరాయిదేం కాదు. ఆ రాష్ట్రంలోనే ఉన్న సౌరాష్ట్ర తీరానికి అది వస్తుంటుంది. 2001 నుంచి మన దేశంలో దాన్ని వేటాడటం నేరం.